పన్నెండో పెట్టె

పోయిన వారం నన్ను మునిసిపల్ హైస్కూల్లో ఓట్లు లెక్కపెట్టే బల్ల దగ్గర, నోరు తెరిచినవాణ్ణి తెరిచినట్టే వదిలేసి మీ పనుల మీద మీరు వెళ్ళిపోయారు. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగింది రెండు ముక్కల్లో చెప్తాను. పాతవాళ్ళు కాస్త ఓర్చుకోవాలి.

నా పేరు ఆదెప్ప. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి చూసి రకం చెప్పే పని నాది. రుద్రప్ప సావుకారు జిన్నింగు మిల్లుకు పద్దెనిమిదేళ్ళుగా నేనే పత్తి చూస్తున్నాను. ఈ ఎనభై ఒకటి మునిసిపల్ ఎన్నికల్లో మా వార్డుకు సావుకారే నిలబడ్డాడు, గడియారం గుర్తు మీద. ఎదురు నిలబడింది కృపానందం, రైల్వే గేటు కాపలా చేసి రిటైరైన మనిషి. ఆయనది గొడుగు గుర్తు. సావుకారుకు మూడు జీపులు. కృపానందానికి ఒక సైకిలు, దానికీ వెనక చక్రంలో గాలి నిలవదు. ఇలాంటి పోటీలో ఎవరు గెలుస్తారో చెప్పడానికి శాస్త్రం తెలిసినవాడు అక్కర్లేదు. అయినా సావుకారు నన్ను అడిగాడు, నేను మీసం సవరించుకుని మరీ చెప్పాను, నాలుగు వందలకు తక్కువ కాకుండా గెలుస్తారని. ఇరవై రెండు ఓట్లతో ఓడిపోయాడు.

ముంచింది పన్నెండో పెట్టె. మా వార్డులో రెండు పేటలున్నాయి, కమాన్ గల్లీ ఒకటి, నేనుండే కొత్తపేట ఒకటి. ఒక్కో పేటకు మగవాళ్ళకో పెట్టె, ఆడవాళ్ళకో పెట్టె. కమాన్ గల్లీ మగవాళ్ళది పదకొండో పెట్టె. అందులో గడియారానికి నాలుగు వందల రెండు, గొడుగుకు ఇరవై మూడు. నేను బల్ల మీద దరువు కూడా వేశాను. తర్వాత అదే గల్లీ ఆడవాళ్ళ పెట్టె విప్పారు. గడియారానికి యాభై ఎనిమిది, గొడుగుకు మూడు వందల డెబ్భై ఒకటి. అవే ఇళ్ళు, అవే పొయ్యిలు, అదే కంచంలో తిన్న మనుషులు. నా జన్మలో ఇలాంటి లెక్క చూడలేదు.

నాకు ఈ ఓట్ల పిచ్చి ఇప్పటిది కాదు. డెబ్భై రెండు నుంచి పేటపేటకూ ఎవరికెన్ని పడ్డాయో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. మా ఆవిడ హులిగెమ్మ వాటిని కాకి లెక్కలంటుంది. అననీ. బంగారం అంగళ్ళ వీధి గెలిచేవాడికే వేస్తుంది, ఓడినవాడికి వేశామని మాత్రం చెప్పదు. రైల్వే క్వార్టర్లు అధికారంలో ఎవరుంటే వాళ్ళకు వ్యతిరేకం, ఎందుకంటే ట్రాన్స్‌ఫర్ అయినవాడి కోపం ఎవరో ఒకరి మీద పోవాలి కదా. హొళగుంద వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కన్నడంవాళ్ళ రెండు సందులూ పోలింగు ముందురోజు దాకా ఏమీ తేల్చవు, తేల్చాక ఒక్క ఓటు అటూ ఇటూ పోదు. మా తోడల్లుడు ఎమ్మిగనూరులో ఉంటాడు, అక్కడి మగ్గాల వీధుల లెక్క అతనే పంపుతాడు. ఆ వీధుల్లో నూలు ధర పెరిగిందంటే కుర్చీలో ఉన్నవాడు గోవిందా. ఇవన్నీ నేను టీ అంగళ్ళలో, మంగలి షాపుల్లో, యార్డులో కూర్చుని మనుషుల మాట తీరు చూసి కనిపెట్టినవి. తొమ్మిదేళ్ళలో రెండు సార్లే తప్పాను. ఊళ్ళో నాకు ఆ మాత్రం పేరుంది, దాన్ని చూసుకుని నాకు కాస్త పొగరు కూడా ఉంది.

ఆ పొగరు దిగిపోయింది సరే, కథ అక్కడితో ఆగలేదు. కమాన్ గల్లీ పెద్దమనిషి ఖలందర్ సాబ్, పరుపులు కుట్టే అంగడి ఆయనది. ఎన్నికల ముందు సావుకారు చెయ్యి పట్టుకుని గల్లీ ఓట్లన్నీ మీవేనని మాట ఇచ్చాడు. మాట తప్పే మనిషి కాదు, మగవాళ్ళ పెట్టె చూస్తేనే తెలుస్తుంది. సావుకారు మాత్రం గల్లీ మొత్తం కూడబలుక్కుని తన నెత్తిన చెయ్యి పెట్టిందని మనసులో పెట్టుకున్నాడు. గురువారం నన్నూ ఖలందర్ సాబ్‌నూ మిల్లు ఆఫీసుకు పిలిపించి, కూర్చోమని కూడా అనలేదు.

"ఇది ఎవరో ఒక ఆడదాని పని," అన్నాడు. "అంతమందికి సెప్పి తిప్పినది ఒకతి ఉంటాది. దాని పేరు రేపు సాయంత్రానికి నాకు కావల్ల. లేదంటే ఈ సీజనుకు కమాన్ గల్లీ నుంచి ఒక్కడు గూడా నా గేటు లోపలికి వచ్చేది లేదు."

కమాన్ గల్లీలో అరవై మంది ఆ మిల్లులో పని చేస్తారు. సీజనంతా చేస్తేనే వానాకాలం ఇల్లు గడుస్తుంది. పేరు చెప్తే ఆ పేరున్న మనిషి గతేం కాను, చెప్పకపోతే ఈ అరవై ఇళ్ళ గతేం కాను. ఇదీ నేనూ ఖలందర్ సాబూ మోసుకుంటూ బయటికొచ్చిన బరువు. తప్పుడు లెక్క చెప్పింది నువ్వు గనక పేరు కనుక్కోవలసిందీ నువ్వేనని సావుకారు నాకు ప్రత్యేకంగా చెప్పాడు.

నిజం చెప్తున్నాను, నాకు భయం కంటే ముందు కుతూహలమే వేసింది. నాలుగు వందల మంది ఆడవాళ్ళు ఒక మాట మీదికి వచ్చి, ఆ మాట ఇంట్లో మగవాడి చెవిన పడకుండా ఎలా దాచారో తెలుసుకోకపోతే ఆ రాత్రి నాకు అన్నం దిగేట్టు లేదు.

శుక్రవారం నమాజు అయ్యాక ఖలందర్ సాబ్‌ను వెంటబెట్టుకుని హజరా బీ దగ్గరికి బయల్దేరాను. ఆమె దగ్గరికే ఎందుకంటే కారణముంది. పోలింగు రోజు గల్లీ ఆడవాళ్ళ కోసం సావుకారు పరదా కట్టిన జట్కా పంపాడు. అందులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తోడు కూర్చుని తీసుకెళ్ళిందీ తీసుకొచ్చిందీ హజరా బీయే. ఆమె మంత్రసాని. గల్లీలో సగం మందిని భూమ్మీదకు దించిన చేతులు. బురఖాలో ఉన్న మనిషిని అడుగుల చప్పుడుతో పోల్చుకోగలదు. ఆడవాళ్ళను తిప్పగలిగిన మనిషంటూ ఉంటే ఆమే అయ్యుండాలి. ఆమె ఉండే ఒంటిగది మిల్లు జాగాలోదే. సావుకారు పొమ్మంటే ఉన్న మూట భుజానేసుకుని పోవలసిందే.

మేం వెళ్ళేసరికి ఆమె గుమ్మం లోపల కూర్చుని, ఉడకబెట్టి ఆరేసిన పాత చీరను పీలికలు చేస్తోంది. ఎవరిదో కాన్పు దగ్గరపడినట్టుంది. ఖలందర్ సాబ్ అరుగు చివర కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. పత్తి చూసేవాడు ముసలమ్మను చూడ్డానికి వచ్చాడేమిటని ఆమె నవ్వింది. నేను డొంకతిరుగుడు లేకుండా, జట్కాలో ఆడవాళ్ళకు ఏం చెప్పావో చెప్పమని అడిగాను.

ఏమీ చెప్పలేదంది. ఎవరూ తనకు చెప్పలేదు, తను ఎవరికీ చెప్పలేదు. జట్కా నలభై సార్లు తిరిగిందట. నలభై సార్లూ లోపల వక్కాకు గురించి, కోడళ్ళ గురించి తప్ప వేరే మాట రాలేదట. నేను నమ్మలేదు. నా మొహం చూస్తే తెలిసిపోయినట్టుంది.

"బండి మిల్లు గోడ పక్కనించి పోయేది ఆదెప్పా," అంది, పీలిక చింపడం ఆపకుండా. "గోడ కాడికి వచ్చినప్పుడు ఎవురో ఒకరు పరదా తీసేటోళ్ళు. అందరూ గోడను సూసేటోళ్ళు. మల్లా పరదా ఏసేటోళ్ళు. అంతే."

"ఏ గోడ?" అన్నాను. అదే క్షణంలో ఖలందర్ సాబ్ కూడా ఏ గోడ అన్నాడు.

హజరా బీ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కోపంగా కాదు. పిల్లవాడు అన్నం తిన్నాడో లేదో చూసినట్టు చూసింది.

"సూసినారా," అంది. "ఇద్దరు మొగోళ్ళు అడుగుతాండారు ఏ గోడని."

అప్పుడు చెప్పింది. నిరుడు ఎండాకాలం పత్తి బేళ్ళు పేర్చుకోడానికి మిల్లు వెనక బయలు చుట్టూ సావుకారు ఆరడుగుల గోడ కట్టించాడు. ఆ సంగతి నాకు తెలియక కాదు. ఆ జాగా ఖాళీగా పడి ఉంది, గోడ పెట్టుకుంటే బేళ్ళకు కాపలా అక్కర్లేదు అని సావుకారుకు సలహా ఇచ్చినవాణ్ణి నేనే. ఖాళీ అన్న మాట ఆమె ముందు నా నోటినుంచి మళ్ళీ జారింది.

"ఖాళీనా?" అంది హజరా బీ. "రెండు పేటల ఆడోళ్ళు తెల్లారకముందు బయటికి పోయేది ఆడికే గదప్పా. మా అమ్మ కాలం నుంచీ ఆడికే. మొగోళ్ళు వంక గట్టుకు పోతారు, మీకేం ఎరుక. గోడ లేసినాక మేము రైలు పట్టాల అవతలికి పోతాండాము. గూడ్సు బండి నిలబడి ఉంటే దాని కింద దూరి పోవల్ల. వానాకాలం, సీకటి, బురద. ముసలోళ్ళు, సూలింతలు, అందరూ అట్లే."

పత్తి చూడ్డంలో మొదటి పాఠం ఒకటుంది. బోరె, అంటే పత్తి గోతం, దాని మూతి దగ్గర పత్తి చూసి రకం చెప్పగూడదు. అమ్మేవాడు మంచి పత్తి పైనే పెడతాడు. చెయ్యి మోచేతి దాకా లోపలికి పోవాలి, నడిమి నుంచి పిడికెడు లాగి చూడాలి. పద్దెనిమిదేళ్ళుగా కుర్రవాళ్ళకు ఈ పాఠం నేనే చెప్తున్నాను. టీ అంగడిలో, మంగలి షాపులో కూర్చుని నేను చూసింది ఇన్నాళ్ళూ బోరె మూతేనని ఆ గుమ్మం ముందు నాకు అర్థమైంది.

ఖలందర్ సాబ్ మాత్రం సమాధానపడలేదు. గోడ కట్టితే కట్టినాడు, ఇంతమాత్రానికి గల్లీ మాట మన్నుపాలు చేస్తారా, ఎవరైనా ఒక్కరు తనతో చెప్పుంటే సావుకారుతో మాట్లాడి గోడలో ఒక దిడ్డి వాకిలి పెట్టించి ఉండేవాణ్ణి కదా అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. ఆమె పీలికలు పక్కన పెట్టింది.

"సాబ్, మీ కోడలు అజీమున్నీసాకు ఏడో నెలలో బిడ్డ ఎట్ల పోయిందో మీకు ఏం సెప్పినారు?"

"బట్టలుతికే బండ మీద జారిందని సెప్పినారు."

"బండ మీద కాదు. గూడ్సు కింద దూరతాంటే బండి కదిలింది. భయపడి ఎనక్కి పడింది. కొత్తపేట అంజనమ్మ జుట్టు పట్టుకుని ఇవతలికి లాగకపోతే ఆ పిల్ల గూడా ఉండేది కాదు. ఈడికే మోసుకొచ్చినారు. ఈ చేతుల్లోనే పోయింది బిడ్డ. మొగపిల్లోడు."

ఖలందర్ సాబ్ టోపీ తీశాడు. చేతిలో పెట్టుకుని చూసుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. రుద్రప్ప చెయ్యి పట్టుకుని మాట ఇచ్చిన కుడిచెయ్యిని చొక్కాకు తుడుచుకున్నాడు. నాకెందుకు చెప్పలేదు ఆపా అన్నాడు.

"ఏమని సెప్పేది సాబ్? మాకు పోనీకె జాగా లేదని మసీదు మెట్ల కాడికి వచ్చి నిలబడి సెప్పేదా? పంచాయితీలో సెప్పేదా? అడిగినారా ఎవురన్నా? ఓటుకు పోయినప్పుడు ఆ అట్ట ఎనకాల ఎవురూ లేరు. మొగుడు లేడు, మామ లేడు, మీరు లేరు. కాగితముంది, ముద్ర ఉంది. ఎవురో అడిగినట్టే అనిపిచ్చింది. సెప్పినాము."

కృపానందం గోడ తీయిస్తానని మాట ఇచ్చాడా అని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది. పాపం ఆయనకేమీ తెలియదట. గెలిచినప్పటి నుంచీ ఆయన కూడా నాలాగే ఎందుకు గెలిచానా అని తల గోక్కుంటున్నాడట. అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

ఖలందర్ సాబ్ లేచాడు. అంగడి వైపు పోలేదు, ఇంటి వైపు నడిచాడు. పిలవబోయి మానుకున్నాను. ఆయన కోడలి ముందుకు వెళ్ళి ఏమంటాడో, అసలు ఏమైనా అనగలడో లేదో నేను ఊహించలేకపోయాను.

సావుకారు పేరు అడుగుతున్నాడనీ, సాయంత్రం లోపల చెప్పకపోతే అరవై మందికి పని పోతుందనీ హజరా బీకి చెప్పాను. ఆమెకు ముందే తెలుసు, గురువారం రాత్రికే ఆ మాట రెండు పేటల ఆడవాళ్ళకూ చేరిందట. మూడు వందల డెబ్భై ఒక్క పేర్లు రాయాలి, అంత కాగితం తెచ్చుకున్నావా అంది. తర్వాత పీలికలు మూట కడుతూ, తనకు తానే అనుకున్నట్టు ఒక మాట అంది. "మీ కొత్తపేట పెట్టె సూసుకున్యావా ఆదెప్పా?"

చూసుకోలేదు. చూసుకోవలసిన అవసరం నాకు తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ కనపడలేదు. నా పుస్తకంలో ఏ పేట లెక్కైనా మగవాళ్ళ పెట్టె, ఆడవాళ్ళ పెట్టె కలిపేసి ఒకే అంకె రాస్తాను. ఇల్లొకటైతే ఓటొకటే కదా అని నా శాస్త్రం. కొత్తపేటకు గడియారం మూడు వందల పదకొండు, గొడుగు మూడు వందల తొంభై తొమ్మిది అని రాసి, మా పేట ఎప్పుడూ కలగాపులగమే అనుకుని పేజీ తిప్పేశాను.

ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాను. లెక్కింపు రోజు పెన్సిలుతో రాసుకున్న చీటీలు ఇంకా చొక్కా జేబులోనే ఉన్నాయి. కొత్తపేట మగవాళ్ళ పెట్టెలో గడియారానికి రెండు వందల నలభై, గొడుగుకు నూట పది. ఆడవాళ్ళ పెట్టెలో గడియారానికి డెబ్భై ఒకటి, గొడుగుకు రెండు వందల ఎనభై తొమ్మిది. నా చేత్తో నేను రాసిన అంకెలే. కూడిక చేసేసి నేనే వాటి నోరు నొక్కేశాను.

హులిగెమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతోంది. ఏడాదిగా ఆమె కోడి కూయకముందే లేస్తోంది. వయసు మీద పడి నిద్ర పట్టడం లేదేమో అనుకున్నాను. పోయిన వానల్లో మోకాలు కొట్టుకుని వారం రోజులు కుంటింది. ఏమైందని అడిగినట్టు కూడా నాకు గుర్తులేదు. అడిగి ఉంటే నాకు గుర్తుండేది.

పీట వాల్చుకుని పక్కన కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో మొదటిసారి, నువ్వు ఓటు ఎవరికి వేశావని అడిగాను.

ఆమె రొట్టె పెనం మీద వేసింది. దాని మీద నీళ్ళు అద్దింది. "అడిగేది మీ సావుకారు కోసరమా, నీ కోసరమా?" అంది.

నా కోసమే అన్నాను.

"గొడుగుకే ఏసినా." రొట్టె తిప్పింది. "నువ్వు గోడ కట్టమని సలహా ఇచ్చినావని తెలిసే ఏసినా. నీమీద కోపం లేదులే. నీకు తెల్దు గదా. తెలిసుంటే కట్టమని సెప్పేటోనివి కాదు నువ్వు."

ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆమె చూడనట్టు కట్టె ఎగదోసింది. అప్పుడే వీధిలో జీపు ఆగింది. సావుకారు గుమాస్తా వీరన్న దిగకుండానే, టైమైందని కేక వేశాడు. నేను కండువాతో మొహం తుడుచుకుని లేచాను.

"హజరా బీ పేరు సెప్పొద్దు," అంది హులిగెమ్మ. "ఆయమ్మకు ఆ గది తప్ప దిక్కు లేదు. ఎవురి పేరూ సెప్పకుండా నువ్వు రాలేవు, పద్దెనిమిదేండ్లు ఆయన ఉప్పు తిన్యావు. నా పేరు సెప్పు."

"నీ పేరా?"

"ఏం, నాకు పేరు లేదా?"

జీపులో వీరన్న దారంతా ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. ఒక్క ముక్క నా చెవికెక్కలేదు. ఆఫీసులో రుద్రప్ప సావుకారు బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. ఎదుట సీజను కూలీల పట్టీ, కమాన్ గల్లీ పేజీ దగ్గర తెరిచి ఉంది. చేతిలో ఎర్ర సిరా కలం. తల ఎత్తకుండానే పేరు అడిగాడు.

"హులిగెమ్మ," అన్నాను.

"ఏ హులిగెమ్మ? కమాన్ గల్లీలో ఆ పేరు ఎవరికుంటాది?"

"కొత్తపేట. నా పెండ్లాము."

కలం ఆగిపోయింది. సావుకారు తల ఎత్తి నా మొహం వైపు చూశాడు. నేనూ చూశాను, పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి కళ్ళు దించకుండా. అప్పుడాయన నా వెనకే వచ్చి నిలబడ్డ వీరన్నను బయటికి పొమ్మన్నాడు. పోతూ తలుపుకు బయట గడియ పెట్టి పొమ్మన్నాడు. లోపల ఏం జరిగిందో వచ్చే వారం చెప్తాను.